కొలంబో నుంచి కరాచీకి, ఒళ్ళో ఫ్లాస్కుతో

కొలంబోకి ఉత్తరాన మినువన్‌గొడ చుట్టుపక్కల ఊళ్ళలో తిలకావతిని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఆమె మోపెడ్ చప్పుడు వినబడగానే పిల్లలు "కళ్ళక్క పోతోంది" అంటూ కంచె దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. పెద్దవాళ్ళు మాత్రం ఎవరింటి ముందైనా తెల్లజెండాలు కట్టారేమోనని రోడ్డుకి అటూ ఇటూ చూసేవాళ్ళు. చావు జరిగిన ఇంటికి శవపేటిక కన్నా ముందు చేరే మనిషి ఆమె. నేత్రదాన సంఘంలో ఉద్యోగం. పోయినవాళ్ళ కళ్ళు తీసి, చిన్న గాజుసీసాల్లో ఉంచి, వాటిని ఐసు ఉన్న ఫ్లాస్కులో పెట్టి కటునాయక ఎయిర్‌పోర్టుకి చేర్చేది. అక్కడ ఎవరో ఒక పైలట్ అందుకుని, కాక్‌పిట్‌లో తన కాళ్ళ దగ్గర పెట్టుకుని, అవతలి ఊళ్ళో కాచుకుని ఉండే డాక్టరు చేతికి ఇచ్చేవాడు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. లంకలో కళ్ళు ఇస్తామని రాసిచ్చేవాళ్ళకి కొదవలేదు. ఇక్కడి ఆస్పత్రులకి సరిపడా పోగా మిగిలినవి ఢాకాకీ కరాచీకీ సింగపూర్‌కీ వెళ్ళేవి. ఏ ఊరు ఎంత దూరమని అడిగితే తిలకా మైళ్ళలో చెప్పేది కాదు. "ఢాకాకి ఒక్క ఐసు చాలు. కరాచీకీ ఒక్కటే. టోక్యో అయితే మధ్యలో మార్చాలి" అనేది.

"ఈ పిల్ల కొలతలు వినండర్రా" అని అత్తగారు ఏంగల్తీనా నవ్వేది. "మా అబ్బాయి లారీ పుత్తళం వెళ్ళొచ్చేసరికి ఎన్ని ఐసులు అవుతాయే?"

"మీ అబ్బాయి మధ్యలో కల్లు దుకాణం దగ్గర ఆగకపోతే ఒకటి, అత్తా. ఆగితే లెక్క మనకి తెలీదు."

ఏంగల్తీనా నోటికి అడ్డూ ఆపూ లేదు గానీ కోడలి పనిని ఎవరైనా ఒక్క మాటన్నా ఊరుకునేది కాదు. పెళ్ళయిన కొత్తలో, శవాలని ముట్టుకొచ్చిన చేతులతో అన్నం వడ్డిస్తుందా అని పక్కింటావిడ అడిగితే, "నీ మొగుడు పేకముక్కలు ముట్టుకొచ్చిన చేతులకన్నా శుభ్రంగానే ఉంటాయి" అని నోరు మూయించింది.

ఆ ఏడు మే నెలలో కరాచీ నుంచి డాక్టర్ తాహిర్ బుఖారీ కబురు పంపాడు. ఎన్నాళ్ళని మీ దగ్గరనుంచి తెప్పించుకుంటాం, మావాళ్ళకీ ఈ పని నేర్పడానికి ఎవరినైనా ఒక వారం పంపించండి, టికెట్టు మేం కొంటాం అని. సంఘంలో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిలకా చెయ్యెత్తింది.

"విమానం ఎప్పుడైనా ఎక్కావామ్మా?" అని కార్యదర్శి అడిగాడు.

"ఫ్లాస్కులు చాలాసార్లు ఎక్కాయి మహత్తయా. నేనూ ఎక్కుతాను."

బయల్దేరడానికి ముందురోజు మధ్యాహ్నం పక్క ఊరి నుంచి కబురొచ్చింది. మార్తేలిస్ అనే ముసలాయన పోయాడు. జీవితమంతా బస్సు కండక్టరుగా చేసి, ఆరేళ్ళ క్రితం రిటైరయినవాడు. రేపు విమానం ఎక్కబోతున్నానని తిలకా ఆగలేదు. మోపెడ్ తీసింది.

ఇంట్లో హామురుదురువారు, అంటే గుడి భిక్షువుగారు, అప్పుడే వచ్చి కూర్చున్నారు. తిలకా ఆయనకి మోకరిల్లి దండం పెట్టి, ఒక ఉతికిన దుప్పటీ ఒక స్టూలూ అడిగింది. తలుపు దగ్గరగా వేసుకుంది. ఆమె పనిలో తొందర ఉండదు, ఆలస్యమూ ఉండదు. కళ్ళు తీశాక ఖాళీలో దూది పెట్టి, రెప్పలు మూసి, మొహం తుడిచి, చెదిరిన నెరిసిన జుట్టుని దువ్వెనతో సర్దింది. బయటికొచ్చేసరికి మార్తేలిస్ భార్య రోసలిన్ గుమ్మం పక్కనే నేలమీద కూర్చుని ఉంది.

"చూడొచ్చా?"

"చూడండమ్మా. నిద్రపోతున్నట్టే ఉన్నారు."

రోసలిన్ లోపలికి తొంగిచూసి, తృప్తిపడి, తిలకా చేతిలో ఫ్లాస్కు వైపు తిరిగింది. "ఎంత దూరం పోతాయి తల్లీ?"

"మీ బస్సు లెక్కలో చెప్పాలంటే పదిహేను వందల మైళ్ళు. కరాచీ. నాలుగు గంటల్లోపే చేరతాం. ఇక్కడినుంచి కాండీకి బస్సులో వెళ్ళేంత సేపు."

"నాలుగు గంటల్లో పదిహేను వందల మైళ్ళా?" కండక్టరు పెళ్ళాం కదా, ఆ లెక్క ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. "మధ్యలో ఎక్కడా ఎవరూ ఎక్కరా?"

"ఎక్కరమ్మా."

"అయితే ఆయనకి నచ్చదు" అంది రోసలిన్. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఏడవాలో నవ్వాలో తెలియక కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున తిలకా ఫ్లాస్కులో కొత్త ఐసు నింపి, తెల్లచీర కట్టుకుని, భర్త విమలదాస లారీలోనే ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది. ఏంగల్తీనా అరిటాకులో పాలన్నం కట్టిచ్చింది. "నిద్రపోకే. నిద్రపోయి దిగాల్సిన ఊళ్ళో దిగకపోతే ఆ విమానం తిన్నగా మక్కా పోతుందట."

"పోతే పోయింది అత్తా. అక్కడా కళ్ళులేనివాళ్ళు ఉంటారుగా."

విమానంలో ఆమెకి కిటికీ పక్క సీటు దొరికింది. ఫ్లాస్కుని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ చుట్టూ వేసింది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి దాన్ని పైన అరలో పెడతానంది. తిలకా వదల్లేదు. "పైన ఎవరి పెట్టె దీనిమీద పడుతుందో నాకు తెలీదు. నా ఒళ్ళో అయితే నాకు తెలుసు" అంది. ఆ అమ్మాయి వెళ్ళి కెప్టెన్‌కి చెప్పింది. కెప్టెన్ వీరకూన్ బయటికొచ్చి చూసి పకపకా నవ్వాడు. కౌంటరు దగ్గర ఎన్నోసార్లు ఆ ఫ్లాస్కు అందుకున్నవాడే ఆయన; ఆమెని నోనా, అంటే అమ్మగారూ, అని పిలిచేవాడు.

"ఓహో, ఇవాళ ఫ్లాస్కుతో పాటు మీరూ వస్తున్నారా నోనా? ఇన్నాళ్ళూ నా కాళ్ళ దగ్గర ఉంచమని నాకు పాఠాలు చెప్పేవారు. ఇప్పుడు మీరే చూసుకోండి."

పక్క సీట్లో డెబ్భై ఏళ్ళ పెద్దావిడ. పేరు రుఖియాబాయి. కొలంబో పేట బజారులో తరాలుగా బట్టల వ్యాపారం చేసే, గుజరాత్ నుంచి వచ్చిన మేమన్ ముస్లిం కుటుంబం. కరాచీలో చెల్లెలి మనవరాలి పెళ్ళికి పోతోంది. సింహళం గడగడా మాట్లాడుతుంది, పేట సందుల్లో బేరాలాడే సింహళం. విమానం పైకి లేవగానే ఆమె తిలకా మణికట్టు పట్టుకుంది. మబ్బుల పైకి వచ్చాక వదిలి, వచ్చిన భయాన్ని కప్పిపుచ్చుకోడానికి మాటల్లోకి దిగింది.

"ఏం తీసుకెళ్తున్నావు అమ్మాయ్ అంత భద్రంగా? ఉంబలకడ ఎండుచేపా? మా చెల్లెలికీ అదంటే ప్రాణం. అమ్ముతావేంటి?"

"అమ్మేది కాదు బాయమ్మా. కళ్ళు."

"ఎవరి కళ్ళు?"

తిలకా చెప్పింది. రుఖియాబాయి మెల్లగా నడవ వైపు జరిగింది. నోట్లో ఏదో దువా చదువుకుంది. తర్వాత ఉండబట్టలేక అడిగింది. "అవి... మనల్ని చూస్తాయా?"

"ఇప్పుడు చూడవు. రేపు చూస్తాయి."

ఆ మాట ముసలావిడకి ఎక్కడో తగిలింది. మళ్ళీ ఇవతలికి జరిగింది. తన భర్త చివరి పదేళ్ళూ కళ్ళు కనిపించకుండానే దుకాణంలో కూర్చున్నాడనీ, బట్టని వేళ్ళతో తడిమి రకం చెప్పేవాడనీ, రంగు మాత్రం కొనేవాళ్ళనే అడిగేవాడనీ చెప్పింది. "నీలం చీరని పచ్చ అని చెప్పి మోసం చేసినవాళ్ళూ ఉన్నార్లే. ఆయనకి తెలిసేది. గొంతులో తెలుస్తుందట."

మధ్యాహ్నం కావస్తుండగా విమానం కిందికి దిగడం మొదలుపెట్టి, మళ్ళీ పైకి లేచింది. కిటికీలోంచి చూస్తే కింద నేలా లేదు, సముద్రమూ లేదు, గోధుమరంగు గోడలాంటిది లేచి నిలబడి ఉంది. కెప్టెన్ గొంతు వినిపించింది. కరాచీలో ఇసుక తుఫాను. దిగే వీలు లేదు. బొంబాయికి వెనక్కి వెళ్తున్నాం.

జనం గొణుక్కున్నారు. తిలకా ఫ్లాస్కు మూత వాసనచూసినంత దగ్గరగా మొహం పెట్టి, చెవి ఆనించి, మెల్లగా ఊపింది. ముక్కల చప్పుడు తగ్గి నీళ్ళ చప్పుడు పెరిగింది. ఒక్క ఐసు ప్రయాణం రెండైపోయిందని ఆమెకి అర్థమైంది. భయమేమీ పడలేదు. చేతిలో పని ఉన్నప్పుడు భయపడే అలవాటు ఆమెకి లేదు. ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి ఐసు అడిగింది. ఉన్నదంతా పొద్దుటినుంచి శీతల పానీయాల్లోకి అయిపోయింది.

బొంబాయిలో విమానాన్ని ఒక మూల నిలబెట్టారు. ఎవరూ దిగకూడదన్నారు. ఇంజన్లు ఆపేశాక లోపల చల్లదనం కాసేపట్లోనే పోయి, రొట్టెలు కాల్చే పొయ్యిలా అయింది. పిల్లలు ఏడుస్తున్నారు. మగవాళ్ళు చొక్కాలు విప్పుకుంటున్నారు. తిలకా చీరకొంగు తడిపి ఫ్లాస్కుకి చుట్టింది. అది ఎంతకని సరిపోతుంది?

రుఖియాబాయి లేచింది. పై అరలోని సంచీ దించమని వెనక సీటు కుర్రాణ్ణి గదమాయించి, అందులోంచి మందపాటి చేనేత దుప్పటి లాగింది. ఎరుపు చారలు, ఇంకా మడత నలగని దుప్పటి.

"అయ్యో బాయమ్మా, పెళ్ళికూతురికి కదా!"

"పెళ్ళికూతురికి తడి దుప్పటి ఇస్తాను. వేసవికాలం పెళ్ళి, హాయిగా ఉంటుంది. పట్టు ఈ కొస!"

ఇద్దరూ కలిసి దాన్ని నీళ్ళతో తడిపి, పిండి, ఫ్లాస్కుకి చుట్టారు. ముందు వరసలో సూటు వేసుకున్న ఒకాయన ఇదంతా వెనక్కి తిరిగి చూస్తూ, సంగతేమిటో తెలుసుకుని మొహం చిట్లించాడు. "శవాల కళ్ళు పెట్టుకుని మన మధ్య కూర్చోవడమేంటి? అందుకే ఈ తుఫాను!"

"అవునయ్యా, నువ్వు ఇందాక నమిలిన కోడి మాత్రం బతికే ఉంది" అంది రుఖియాబాయి. "తిరిగి కూర్చో. ఎప్పుడో ఒకప్పుడు నీ కళ్ళూ మసకబారతాయి, అప్పుడు ఈ అమ్మాయినే వెతుక్కుంటావు."

ఆయన తిరిగి కూర్చున్నాడు.

తలుపు దగ్గర మెట్ల మీద బొంబాయి ఎయిర్‌పోర్టు పనివాడొకడు నిలబడి ఉన్నాడు. తిలకాకి వాడి భాష రాదు. రుఖియాబాయికి గుజరాతీ, హిందుస్తానీ రెండూ వచ్చు. ఆమె వాణ్ణి "బేటా" అని మొదలుపెట్టి, సంగతంతా చెప్పి, చివరికి "మీ అమ్మ కళ్ళు బాగున్నాయా?" అని అడిగింది. వాడు మారు మాట్లాడకుండా పరుగెత్తాడు. కాసేపటికి బకెట్ నిండా ఐసు తెచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు.

తిలకా ఒక ముక్క తీసి నాలుకమీద పెట్టుకుంది. ఉప్పగా తగిలింది.

"ఇది పనికిరాదు బాయమ్మా. కుల్ఫీ కుండలోది, ఉప్పు కలిపారు. ఉప్పు కలిస్తే చల్లదనం మితిమీరుతుంది. కళ్ళు గడ్డకట్టిపోతాయి. గడ్డకడితే ఇంక దేనికీ పనికిరావు."

అంతమంది చప్పట్లు కొట్టాక తెచ్చిన ఐసుని కాదనడం తేలిక కాదు. ఎండలో చెమటలు కారుతున్న ఆ పనివాడి మొహం చూస్తే ఆమెకి జాలేసింది. అయినా బకెట్ వెనక్కి ఇచ్చింది. ఇస్తూ వాడి చేతులు రెండూ పట్టుకుని తన కళ్ళకి అద్దుకుంది. రుఖియాబాయి తర్జుమా చేసేలోపే వాడికి అర్థమైంది. మళ్ళీ పరుగు. ఈసారి సోడాలు చల్లబెట్టే పెట్టెలోంచి గోనెలో చుట్టిన పెద్ద ఐసుగడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. తిలకా రుచి చూసింది. మంచినీళ్ళ ఐసు. చెప్పు మడమతో గోనె మీద కొట్టి ముక్కలు చేసి, పాత నీళ్ళు వంచేసి, సీసాలకి దూది మార్చి, ఐసు వాటిని నేరుగా తాకకుండా చుట్టూ నింపింది. మూత బిగించాక అప్పుడు నవ్వింది.

"ఇప్పుడు తుఫాను ఎంతసేపు ఆడుకుంటుందో ఆడుకోమనండి."

మిగిలిన ఐసుముక్కలని రుఖియాబాయి ఏడుస్తున్న పిల్లలకి పంచింది. సూటాయన కూడా చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది. కాకపోతే అందరికన్నా చిన్నముక్క ఏరి ఇచ్చింది.

సాయంత్రానికి దుమ్ము తగ్గి విమానం కరాచీలో దిగింది. డాక్టర్ బుఖారీ స్వయంగా వచ్చి ఉన్నాడు. పొడుగాటి మనిషి, పొద్దుటినుంచీ అక్కడే పడిగాపులు కాసినట్టు చొక్కా నిండా దుమ్ము. ఫ్లాస్కు అందుకుని, తెరిచి, టార్చి వేసి సీసాల్లోకి చూశాడు.

"గాజులా ఉన్నాయి" అన్నాడు. "బొంబాయి అనగానే నేను ఆశ వదులుకున్నాను, చెల్లీ."

"నేను ఒళ్ళోంచి వదల్లేదు, డాక్టర్. అంతే."

రుఖియాబాయిని తీసుకెళ్ళడానికి వచ్చిన చుట్టాలు ఆమె చేతిలో నీళ్ళోడుతున్న దుప్పటి చూసి తెల్లబోయారు. వెళ్తూ వెళ్తూ ఆమె ఫ్లాస్కు మీద అరచెయ్యి ఉంచి ఏదో చదివింది. ఈసారి పక్కకి జరగలేదు.

ఆపరేషన్లు మర్నాడు పొద్దున జరిగాయి. ఒక కన్ను కియామారీ రేవులో చేపలుపట్టే దిల్‌మురాద్ అనే మక్రాన్ తీరపు మనిషికి వేశారు. రెండోది జరీనా అనే జరీపని చేసే ఆవిడకి. ఆ వారమంతా తిలకా ఆస్పత్రిలోనే ఉంది. మేకకళ్ళు తెప్పించి నర్సులకి చెయ్యి తిప్పడం నేర్పింది. చెయ్యి రెండురోజుల్లో తిరిగింది. వాళ్ళకి అసలు చిక్కు వేరు. ఆమెని బాజీ, అంటే అక్క, అని పిలిచే సబీహా అనే నర్సు చివరికి ఇంగ్లీషులో అడిగేసింది.

"బాజీ, మనిషి పోయిన ఇంట్లో నోరు విప్పి కళ్ళు ఎలా అడుగుతారు? మాకైతే గొంతు పెగలదు."

"నేను అడగను" అంది తిలకా. "మావాళ్ళు ముందే రాసిచ్చి ఉంటారు, నిజమే. రాసివ్వని ఇళ్ళూ ఉంటాయి. అక్కడికి వెళ్ళి కూర్చుంటాను. వాళ్ళు టీ ఇస్తే తాగుతాను. పోయినాయన గురించి చెప్తారు, వింటాను. ఎవరో ఒకరు, నువ్వు ఎవరమ్మా అని అడుగుతారు. అప్పుడు చెప్తాను. పొమ్మంటే పోతాను. అలా పొమ్మన్న ఇంట్లోనే ఇంకోసారి చావొచ్చినప్పుడు వాళ్ళే కబురుపెట్టారు."

"పొమ్మంటే సిగ్గుగా ఉండదా?"

"సీసాలు ఖాళీగా తిరిగొస్తే బాధగా ఉంటుంది. సిగ్గెందుకు?"

వెళ్ళేముందు రోజు దిల్‌మురాద్ కట్టు మార్చేటప్పుడు డాక్టరు ఆమెని పిలిచాడు. మంచం మీద ఉప్పుగాలికి మాడిన, చెక్కలాంటి మనిషి. ఎర్రబడ్డ కంటితో ముందు కిటికీ వైపు చూశాడు. తర్వాత ఆమె చీర తెలుపు వైపు. ఏదో అడిగాడు. డాక్టరు నవ్వుతూ తర్జుమా చేశాడు. "ఈ కన్ను ఎవరిదని అడుగుతున్నాడు."

సాధారణంగా చెప్పరు. కానీ తిలకాకి ఆ పూట దాచాలనిపించలేదు. "బస్సు కండక్టరుదని చెప్పండి. మంచి మనిషి అట."

దిల్‌మురాద్ తల ఊపాడు. "అయితే మా పడవలో టికెట్టు లేకుండా ఎక్కే నా బామ్మర్ది ఇక దొరికిపోయినట్టే" అన్నాడు. వార్డంతా నవ్వింది. అందరికన్నా ఆఖరున, కన్ను కదపొద్దని డాక్టరు కసురుతున్నా వినకుండా, వాడూ నవ్వాడు.

జరీనాకి అంత అదృష్టం కలగలేదు. మొదట్లో సూది కనపడిందట. రెండు నెలల తర్వాత ఆ కన్ను మళ్ళీ పాలబారింది. డాక్టరు ఆ సంగతి దాచకుండా తెలియజేశాడు. తిలకా ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఏంగల్తీనా ఏమీ అడగకుండా కంచంలో ఇంకో గరిటె పులుసు పోసి, "ఇంకో జత పంపు" అని మాత్రం అంది. పంపింది. మరుసటి ఏడు వేసిన ఆ కన్ను నిలిచింది.

మార్తేలిస్ మూడోనెల దానానికి రోసలిన్ తిలకాని పిలిచింది. భిక్షువుల భోజనాలయ్యాక వాళ్ళిద్దరూ వంటింటి అరుగు మీద కూర్చున్నారు. తిలకా దిల్‌మురాద్ సంగతి చెప్పింది. రోసలిన్ చేపలుపట్టేవాడనే మాట దగ్గర ఆగిపోయింది.

"చేపలవాడా? అంటే సముద్రం మీద పోతాడా?"

"రోజూ పోతాడమ్మా."

"అయ్యో, మా ఆయనకి నీళ్ళంటే చచ్చేంత భయం! కెలని గంగ వంతెన మీద బస్సు పోతుంటే కళ్ళు మూసుకునేవాడు!" అని ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అంతలోనే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. లోపలినుంచి కూతురు కంగారుగా పరుగెత్తుకొచ్చింది. తల్లి అలా నవ్వడం మూడునెలల్లో అదే మొదలు.

బొంబాయిలో గడిచిన ఆ మధ్యాహ్నం తర్వాత తిలకా తన పద్ధతి మార్చింది. ఫ్లాస్కు ఏ ఊరికి వెళ్ళాలన్నా, ఆ దారిలో విమానం ఇంకెక్కడ దిగే అవకాశం ఉందో కెప్టెన్లని ముందే అడిగేది. అలాంటి ప్రతి ఊళ్ళోనూ ఉప్పు కలవని ఐసు ఇచ్చే మనిషిని వెతికిపెట్టింది. మద్రాసులో ఒక సోడా దుకాణం, కలకత్తాలో ఒక పూలవ్యాపారి, బొంబాయిలో ఆ ఎయిర్‌పోర్టు పనివాడే. వాళ్ళలో సగంమందిని ఆమె చూడనే లేదు. పైలట్ల నోటిమాట మీదే పని జరిగేది. తర్వాత పన్నెండేళ్ళలో ఆమె ఢాకాకీ రంగూన్‌కీ వెళ్ళి నేర్పింది, కరాచీకి ఇంకో రెండుసార్లు వెళ్ళింది. మూడోసారి వెళ్ళినప్పుడు డాక్టర్ బుఖారీ ఆమెని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్ళి తలుపు తెరిచాడు. లోపల సబీహా తెచ్చిన నాలుగు సీసాలున్నాయి. ఆ ఊరివే.

"ఇవాళ మీరు తెచ్చినవి మాకు అవసరం లేదేమో" అన్నాడు డాక్టరు, కాస్త మొహమాటంగానూ, కాస్త గర్వంగానూ.

తిలకా సీసాలని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూసింది. దూది సరిగ్గానే పెట్టారు. "అయితే పెషావర్‌కి విమానం ఎన్నింటికి?" అని అడుగుతూ, ఒళ్ళో ఫ్లాస్కు సర్దుకుని కుర్చీలో కూర్చుంది.